అనంతపురంలో సంసారం గడవాలంటే ఎంత కావాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

బదిలీ మీద వచ్చే ఉద్యోగులు, బెంగళూరు నుంచి ఊరికి డబ్బు పంపే పిల్లలు, సంబంధం ఖాయం చేసుకునే ముందు "ఆ జీతంతో అక్కడ గడుస్తుందా" అని ఆరా తీసే పెద్దలు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. జిల్లా అన్నచోట 2022 ఏప్రిల్ 4కు ముందున్న ఉమ్మడి జిల్లా అనుకోండి. శ్రీ సత్యసాయి జిల్లా వేరైనా సంతలు, చుట్టరికాలు వేరు కాలేదు.

అనంతపురం చవకైన ఊరేనా?

ఒకటో తారీఖున జీతం పడేవాళ్లకు చవకే. అద్దెలు అందుబాటులో ఉంటాయి, ఈ కొస నుంచి ఆ కొసకు షేర్ ఆటోలో పోవచ్చు, పొద్దున్నే ఉగ్గాని బజ్జీతో కడుపు నింపుకోవచ్చు. సేద్యం మీదా కూలి మీదా బతికేవాళ్లకు మాత్రం ఇది ఖరీదైన చోటు. ఖర్చు నెలనెలా వస్తుంది. రాబడి ఏడాదికి ఒకసారో రెండుసార్లో వస్తుంది, అదీ వాన కరుణిస్తే. మధ్యలో ఉన్న నెలలన్నీ అప్పుతో నెట్టుకొస్తారు. ఆ అప్పు మీది వడ్డీ ఏ ధరల పట్టికలోనూ ఉండదు. కింద చాలా జవాబులు తిరిగి తిరిగి అక్కడికే వస్తాయి.

అద్దె ఇల్లు చూసేటప్పుడు ఏమేం అడగాలి?

అద్దె సంగతి తర్వాత, ముందు నీళ్ల సంగతి అడగండి. మునిసిపల్ కొళాయి ఎన్నాళ్లకోసారి వస్తుంది, మే నెలలో బోరు పనిచేస్తుందా, సంపు ఎంత పెద్దది. ఊరికి తాగునీళ్లు పెన్న అహోబిలం రిజర్వాయరు నుంచి వస్తాయి. పైపు పగిలిన వారం ట్యాంకరు డబ్బులు ఎవరు పెట్టుకోవాలో ముందే మాట్లాడుకోండి. అడ్వాన్సు బెంగళూరు లెక్కన పది నెలలది అడగరు, రెండు మూడు నెలలతో సరిపెడతారు. సాయినగర్, కమలానగర్ వైపు ఆసుపత్రులు, అంగళ్లు దగ్గర కాబట్టి రేటు ఎక్కువ. రుద్రంపేట దాటి బయటికి పోయేకొద్దీ తగ్గుతుంది.

ద్రవ్యోల్బణం సున్నాకు దగ్గరికొచ్చిందని పేపర్లో రాశారు. పాతూరు మార్కెట్లో ధరలు ఎందుకు తగ్గలేదు?

2025 అక్టోబరులో దేశంలో రిటైల్ ద్రవ్యోల్బణం 0.25 శాతానికి దిగిన మాట నిజమే. అంటే ధరలు తగ్గాయని కాదు, అంతకుముందు ఏడాది అక్టోబరుతో పోలిస్తే దాదాపు పెరగలేదని. కిలో వంద ఉన్న పప్పు రెండేళ్లలో నూటఅరవై అయి అక్కడే ఆగిపోయిందనుకోండి. లెక్కల్లో ద్రవ్యోల్బణం సున్నా. అంగట్లో మీరిచ్చేది నూటఅరవై.

రెండోది, ఆ లెక్క సగటు కుటుంబానిది. అప్పటికి 2012 ఆధారంగా ఉన్న ఆ ధరల సూచీలో తిండి, పానీయాల వాటా దాదాపు 46 శాతం ఉండేది. కూలి చేసుకునే ఇంట్లో తిండికే అంతకన్నా ఎక్కువ పోతుంది. మధ్యతరగతి ఇంట్లో ఇంటర్ చదివే పిల్లవాడి హాస్టల్ ఫీజే తిండి ఖర్చును మింగేస్తుంది. సగటు ఇల్లు ఏ వీధిలోనూ కనిపించదు.

మూడో సంగతి మన జిల్లాలకు ముఖ్యం. ఆ ఏడాది ద్రవ్యోల్బణం అంతగా దిగడానికి పెద్ద కారణం కూరగాయలు, పప్పుల ధరలు పడిపోవడం. పట్నంలో సంచి పట్టుకుని పోయేవాళ్లకు అది మంచి వార్త. పక్కనున్న కర్నూలు జిల్లాలో అదే ఏడాది ఉల్లి ధర కుప్పకూలి, ప్రభుత్వం క్వింటాలు 1,200 రూపాయలకు కొనాల్సొచ్చింది. వంటింట్లో మిగిలిన డబ్బు ఎవరి పొలంలో పోయిందో ఆ సూచీ చెప్పదు.

జీఎస్టీ తగ్గించారు కదా, తేడా తెలుస్తోందా?

కొంచెం. 2025 సెప్టెంబరు 22 నుంచి సబ్బు, షాంపూ, టూత్‌పేస్టు, తలనూనె మీద పన్ను 18 నుంచి 5 శాతానికి వచ్చింది. సిమెంటు మీద, 350 సీసీ లోపు బైకుల మీద 28 నుంచి 18కి దిగింది. ఇల్లు కట్టేవాళ్లకు, బండి కొనేవాళ్లకు తెలిసింది. పది రూపాయల ప్యాకెట్లు కొనేవాళ్లకు అంతగా తెలియదు. చిల్లర తగ్గించలేక కొన్ని కంపెనీలు లోపల సరుకు బరువు పెంచాయి.

టమోటా రైతు రోడ్డు మీద పారబోస్తున్నాడు, మేము మాత్రం ఇరవై పెట్టి కొంటున్నాం. మధ్యలో తినేదెవరు?

అనంతపురం పక్కన కక్కలపల్లి మండీలో టమోటా బాక్సుల లెక్కన పోతుంది, బాక్సుకు 15 కిలోలు. ధర పడిపోయిన రోజు బాక్సు 60 రూపాయలకు పోయిందనుకుందాం. కిలో నాలుగు రూపాయలు. మండీ కమీషన్ నూటికి పది అయితే ఆరు రూపాయలు అక్కడే పోయె. కోత కూలి, ఊరి నుంచి బొలెరో బాడుగ, దించిన హమాలీ అన్నీ తీసేస్తే రైతు చేతికి ఇరవయ్యో పాతికో వస్తుంది. నారు, కట్టెలు, దారం, మల్చింగ్ షీటు, మందుల ఖర్చు అందులోంచే రావాలి. అందుకే కొన్ని రోజులు కోయకుండా గొర్రెలకు వదిలేయడమే లాభం. పారబోశారంటే కోపంతోనే కాదు, బాడుగ కూడా గిట్టదని లెక్క చూసుకున్నాకే.

ఇక ఈ చివర. తోపుడుబండి అతను కొన్న బాక్సులో మెత్తబడినవి, పగిలినవి పక్కకు పోతాయి. సాయంత్రానికి మిగిలినవి సగం ధరకు పోతాయి. చాలామంది బండివాళ్లు పొద్దున 900 తీసుకుని రాత్రికి 1,000 కట్టే రోజువారీ వడ్డీ మీద సరుకు దించుతారు. పెట్టుబడి మీద రోజుకు పదకొండు శాతానికి పైగా ముందే పోతుంటే, కిలో ఆరుకు అమ్మమంటే ఎలా అమ్ముతారు? దళారీ ఒక్కడే దొంగ అనుకుంటే మనసుకు తేలిగ్గా ఉంటుంది కానీ, నా దృష్టిలో అసలు లోటు మూడు చోట్ల ఉంది: రెండు రోజులు ఆపుకునే చల్లటి గది, పండిన ఊళ్లోనే గుజ్జు తీసే యూనిట్, బండివాడికి మామూలు వడ్డీకి రెండు వేల అప్పు. 2023 జూలైలో కిలో వంద దాటినప్పుడు టమోటా మీద దేశమంతా మాట్లాడింది. నాలుగు రూపాయలైనప్పుడు కక్కలపల్లి దాటి మాట బయటికి పోదు.

చెనిక్కాయలు (వేరుశనగ) పండే జిల్లాలో చెనిగ నూనె అంత ధర ఎందుకు?

క్వింటాలు కాయ ఒలిస్తే సుమారు డెబ్బై కిలోల విత్తనాలొస్తాయి. వాటిని గానుగ ఆడిస్తే ఇరవైఎనిమిది కిలోల నూనె అటూఇటూగా దిగుతుంది. 2025-26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు. ఆ ధరకు కాయ కొన్నవాడికి కిలో నూనె మీద కాయ ఖర్చే దాదాపు 260 పడుతుంది. చెక్క (నూనె తీశాక మిగిలే పిండి) అమ్మితే కొంత తిరిగొస్తుంది, ఒలిచిన కూలి, గానుగ కరెంటు, డబ్బా ఖర్చులకు కొంత పోతుంది. అందుకే ఎవరైనా 'స్వచ్ఛమైన చెనిగ నూనె' కిలో నూటయాభైకి ఇస్తున్నారంటే, డబ్బా మీద చిన్న అక్షరాలు చదవండి.

ఇక రైతుకు ధర ఎందుకు రాదన్నది సముద్రం అవతలి కథ. మనదేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. ఇండోనేషియా, మలేషియా పామాయిల్ ఎంతకు దిగితే మిగతా నూనెలన్నీ దాన్నే చూసుకుంటాయి. 2024 సెప్టెంబరులో ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద మొత్తం సుంకాన్ని 5.5 నుంచి 27.5 శాతానికి పెంచారు, రైతు కోసమని. నూనె ధర మండింది. 2025 మే చివర్లో 16.5కి దించారు, కొనేవాళ్ల కోసమని. తాడిమర్రిలో అయిదెకరాల చెనిక్కాయ వేసిన ఇంట్లో కూడా తాళింపుకు వాడేది పామాయిల్ ప్యాకెట్టే. ఆ ఇంటికి సుంకం పెరిగితే మంచిదా, తగ్గితే మంచిదా? పంట అమ్మే నెలలో పెరగాలి, మిగతా పదకొండు నెలలు తగ్గాలి.

రెండు రూపాయల వడ్డీ అంటే తక్కువే కదా?

నూటికి నెలకు రెండు రూపాయలు అంటే ఏడాదికి 24 శాతం. మూడు రూపాయలంటే 36. బ్యాంకు ఏడాది లెక్కన చెబుతుంది, ఊళ్లో నెల లెక్కన చెబుతారు. చెవికి రెండు చిన్నగా, పన్నెండు పెద్దగా వినిపిస్తాయి.

జూన్‌లో విత్తనానికి లక్ష తెచ్చి, కాయ అమ్మి మార్చిలో కట్టారనుకోండి. రెండు రూపాయల లెక్కన తొమ్మిది నెలలకు 18,000. అదే బ్యాంకు పంట రుణమైతే మూడు లక్షల దాకా 7 శాతం, గడువులోపు కడితే కేంద్రం 3 శాతం రాయితీ ఇస్తుంది కాబట్టి మీకు పడేది 4. తొమ్మిది నెలలకు 3,000. ఆ 15,000 తేడా పెట్టండి, ఒక ఇంటికి ఏడాది పాల ఖర్చు దగ్గర దగ్గరగా వెళ్లిపోతుంది.

మరి బ్యాంకుకే ఎందుకు పోరు? పోతారు. పాస్‌బుక్కు ఉన్నవాళ్లు పోతారు. కౌలుకు చేసేవాళ్ల పేరు మీద భూమి ఉండదు. కౌలు కార్డు మీద సంతకం పెట్టడానికి భూస్వామి జంకుతాడు. ఉన్న రుణాన్ని రెన్యూవల్ చేయడానికి ఒకరోజు మొత్తం సొమ్ము కట్టి మళ్లీ తీసుకోవాలి. ఆ ఒక్కరోజు కట్టడానికి మూడు రూపాయల వడ్డీకి చేబదులు తెచ్చేవాళ్లు ఊరికి నలుగురైనా దొరుకుతారు. బంగారం ఉన్న ఇల్లు ఈ విషయంలో నయం. తాకట్టు పెట్టినా బ్యాంకులో నూటికి రూపాయి లోపే పడుతుంది. రిజర్వు బ్యాంకు కొత్త నిబంధనల ప్రకారం 2026 ఏప్రిల్ నుంచి రెండున్నర లక్షల లోపు బంగారు రుణాలకు నగ విలువలో 85 శాతం దాకా ఇవ్వొచ్చు. ఎక్కువ ఇస్తారని ఎక్కువ తీసుకోవద్దు. నగ వేలానికి పోయిందన్న మాట ఆ ఇంట్లో ఆడవాళ్లు పదేళ్లు మర్చిపోరు.

పొదుపు సంఘం అప్పు వేరే సంగతి. చవక, గౌరవం కూడా. వారం కిస్తీల ప్రైవేటు అప్పులు ఒకటి తీర్చడానికి ఇంకొకటిగా మూడు నాలుగు పేరుకుపోయాయంటే, ఇంకో అప్పు గురించి కాదు, ఏది ముందు మూసేయాలన్నదే ఆలోచించాలి.

బోరు వేయించడానికి ఎంతవుతుంది?

అడుగుకు ఇంత అని మాట్లాడతారు, లోతు పెరిగేకొద్దీ అడుగు రేటు పెరుగుతుంది, కేసింగ్ పైపు వేరే. బండ్లు ఎక్కువగా తమిళనాడు తిరుచెంగోడు వైపు నుంచి వచ్చినవి. నీళ్లు పడినా పడకపోయినా బాడుగ ఇవ్వాల్సిందే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా ఇది. సేద్యానికి కరెంటు ఉచితం కాబట్టి ఖర్చంతా మొదట్లోనే, భూమిలో దిగేటప్పుడే. చీనీ (బత్తాయి) చెట్లు ఎండిపోతుంటే మూడో బోరు, నాలుగో బోరు వేసిన తోటలు నార్పల, గార్లదిన్నె వైపు ఎన్నో. పక్క రైతు లోతుకు దించితే మనది ఎండుతుంది, మనం దించితే అతనిది. ఇద్దరూ అప్పుల్లో, మధ్యలో లారీ మాత్రం ఖాళీగా ఉండదు. అడిగినవాళ్లకు నేను చెప్పేది ఒకటే: కొత్త బోరుకు ముందు డ్రిప్పుకు దరఖాస్తు పెట్టండి, సన్నకారు రైతుకు రాయితీ పెద్దది.

చీనీ తోట ఉంటే డబ్బున్నోళ్లే కదా?

టన్ను ధర బాగున్న ఏడాది, అవును. మొక్క నాటాక నాలుగైదేళ్లు ఏమీ రాదని, తోట దగ్గరే కొనే వ్యాపారులు 'సూట్' అని టన్నుకు కొంత తూకం కోసేస్తారని కలుపుకుని లెక్కేయండి.

కరెంటు బిల్లులో 225 యూనిట్లు దాటితే మొత్తానికి పెద్ద రేటు పడుతుందా?

పడదు. ఈ భయం చాలామందికి ఉంది, 2022కు ముందున్న గ్రూపుల పద్ధతి జ్ఞాపకం. ఇప్పుడు మెట్లమెట్లుగా లెక్క కడతారు. మొదటి 30 యూనిట్లు 1.90, తర్వాత 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. నెలకు 150 యూనిట్లు కాలితే 57, 135, 225, 150 కలిపి 567 రూపాయలు. 226వ యూనిట్ నుంచి మాత్రమే 8.75.

బిల్లు అంతకన్నా ఎక్కువ వచ్చిందంటే స్థిర ఛార్జీ, విద్యుత్ సుంకం, ఇంధన సర్దుబాటు అని కింద ఉన్న గీతలు చూడండి. ఆ సర్దుబాటు యూనిట్‌కు 40 పైసల దాకా పడుతుంది.

కూలి ఎంత నడుస్తోంది?

కాలాన్ని బట్టి, పనిని బట్టి. కాయ పీకే రోజుల్లో మనుషులు దొరక్క ఆటో పంపించి మరీ పిలుస్తారు. ఏప్రిల్‌లో అడిగేవాళ్లుండరు. మగవాళ్ల కూలికి, ఆడవాళ్ల కూలికి తేడా ఇంకా పోలేదు, అదే గెనెం మీద అదే పొద్దుదాకా వంగి చేసినా.

ఆ ఏప్రిల్ గండానికే ఉపాధి హామీ. దేశమంతటికీ అది మొదలైంది మన నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. 2025-26లో మన రాష్ట్రానికి రోజుకూలి 307 రూపాయలు. చేసిన పని కొలత తక్కువైతే అంతా రాదు, డబ్బు పడటానికీ వారాలు పట్టొచ్చు. 2025 డిసెంబరులో పార్లమెంటు దాని స్థానంలో కొత్త చట్టం చేసింది. పనిదినాలు 100 నుంచి 125 చేశారు, ఖర్చులో 40 శాతం రాష్ట్రం పెట్టుకోవాలన్నారు, సేద్యం పనులు ముమ్మరంగా ఉండే అరవై రోజులు పని ఆపొచ్చన్నారు. రైతులకు ఆ అరవై రోజులు నచ్చుతాయి. కూలివాళ్లకు బేరమాడే బలం తగ్గేదీ ఆ అరవై రోజుల్లోనే.

సుగ్గికి (కోతల కాలపు వలసకు) పోయేవాళ్లకు ఏం మిగులుతుంది?

కర్నూలు పడమటి మండలాలైన కోసిగి, కౌతాళం, మంత్రాలయం వైపు నుంచి ఇళ్లకు తాళాలేసి గుంటూరు మిరప కోతలకు, తెలంగాణ, కర్ణాటక పత్తి తీతలకు పోతారు. అక్కడ కూలి ఇక్కడికన్నా ఎక్కువ, చేతికి ఒకేసారి వస్తుంది, కొందరు బస్తా మిరపకాయలు కూడా తెచ్చుకుంటారు. పోగొట్టుకునేది పిల్లల బడి. వాళ్ల కోసం సీజనల్ హాస్టళ్లు తెరుస్తారు, కానీ పసిబిడ్డను చూసుకోవడానికి పెద్దపిల్లను వెంట తీసుకుపోవడం ఆగలేదు. అనంతపురం వైపు వలస ఎక్కువగా బెంగళూరుకే. అది ఏ కోతల కాలానికీ కట్టుబడి ఉండదు.

బెంగళూరులో ముప్పై వేలా, అనంతపురంలో పద్దెనిమిది వేలా?

ఒంటరిగా ఉండి, పని నేర్చుకునే వయసైతే బెంగళూరు. రెండొందల కిలోమీటర్ల దూరమే, శనివారం రాత్రి బస్సెక్కితే తెల్లారేలోపు ఇంట్లో ఉంటారు. పెళ్లై, పిల్లలుండి, ఇక్కడ సొంత గూడు ఉంటే ఆ పన్నెండు వేల తేడాను అద్దె, బడి బస్సు, నీళ్ల ట్యాంకరు కలిసి తినేస్తాయి.

కియా వచ్చాక జీతాలు పెరిగాయా?

2019లో ఎర్రమంచి దగ్గర కార్లు బయటికి రావడం మొదలయ్యాక పెనుకొండ చుట్టుపక్కల భూముల ధర, అద్దెలు ముందు పెరిగాయి. ఐటీఐ, డిప్లొమా పిల్లలకు ఊరి దగ్గరే పని దొరికింది, కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లు చాలామంది. కంబదూరులోనో కుందుర్పిలోనో కూలి రేటుకు దాంతో సంబంధం లేదు.

ప్రభుత్వ పథకాలు కలిపితే ఇంటికి ఎంత ఆసరా?

వృద్ధాప్య పింఛను 2024 జూలై నుంచి నెలకు 4,000. దీపం పథకంలో ఏడాదికి మూడు సిలిండర్లు, అంటే రెండున్నర వేల దాకా. రేషన్ కార్డు మీద మనిషికి 5 కిలోల బియ్యం ఉచితం. భూమి ఉన్న రైతుకు అన్నదాత సుఖీభవ, కేంద్రం ఇచ్చే 6,000తో కలిపి ఏటా 20,000, మూడు విడతల్లో. బడికి పోయే పిల్లల తల్లికి తల్లికి వందనం కింద ఒక్కో బిడ్డకు 13,000 ఖాతాలో పడుతుంది. అనంతపురంలో పనిమీద వచ్చినవాళ్లు అన్న క్యాంటీన్‌లో పూటకు అయిదు రూపాయలతో తినొచ్చు.

వీటిలో నేను ఎక్కువ విలువ ఇచ్చేది పింఛనుకు, ఆ తర్వాత 2025 ఆగస్టు 15న మొదలైన ఆడవాళ్ల ఉచిత బస్సుకు. డబ్బు లెక్కలో బస్సు చిన్నదే. కానీ శింగనమల నుంచి ఒకామె గంప ములక్కాయలు తెచ్చి పాతూరులో తానే అమ్ముకుని, తిరుగు బస్సులో నెల సరుకులు తీసుకుపోతే, ఊరి అంగట్లో అరువు ఖాతా అక్కర్లేకుండా పోతుంది. అరువు సరుకు మీద ధర ఎప్పుడూ రెండు మూడు రూపాయలు ఎక్కువే ఉంటుంది, అడిగే హక్కు ఉండదు.

జబ్బు చేస్తే?

ఆపరేషన్లకు ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు పనికొస్తుంది. జనరల్ ఆసుపత్రికి, బత్తలపల్లిలో ఆర్డీటీ స్వచ్ఛంద సంస్థ ఆసుపత్రికి జిల్లా నలుమూలల నుంచి వస్తారు. కార్డు కిందికి రానిది నెలనెలా మింగే షుగరు, బీపీ మాత్రలు. జనౌషధి అంగట్లో అదే మందు సగానికన్నా తక్కువకు దొరకొచ్చు. చీటీ మీద మందు పేరు రాయించుకోండి, కంపెనీ పేరు కాదు.

ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు నెలకు ఎంత పంపాలి?

ఎంత అనేదానికన్నా ఎప్పుడు అనేది ముఖ్యం. నెలకు అయిదు వేలు పంపగలిగితే, ఆరు నెలలు మూడేసి వేలు పంపి మిగతాది దాచి, మే ఆఖరులో ఒకేసారి పన్నెండు వేలు ఇవ్వండి. విత్తనకాయకు, ఎరువుకు చేబదులు పోయే రోజులవి. యూరియా బస్తా 266.50, డీఏపీ 1,350, ఈ రేట్లు ప్రభుత్వం కట్టినవే. అరువుకు తెస్తే మాత్రం మందుల అంగడివాడు చెప్పిందే రేటు. పాత అప్పుంటే ముందు ఎవరికి ఎన్ని రూపాయల వడ్డీకో నాన్నను కాదు, అమ్మను అడగండి. నాన్న రెండు అప్పులే చెబుతాడు. మూడు రూపాయల వడ్డీది ముందు తీర్చేసి, ప్రోనోటు వెనక్కి తీసుకుని, ఆమె ముందే చింపించండి.